మూడు నెగిటివ్‌లకు మూడు రిజల్యూషన్‌లు: పొందూరు హాలు ప్రింట్ల కేస్ స్టడీ

పొందూరులో ఊరివాళ్ళు కట్టుకున్న ఒక హాల్లో మూడు పాత ఫొటోల నెగిటివ్‌లను స్కాన్ చేసి, పెద్ద ప్రింట్లు తీసి గోడకు పెట్టాలన్నది నాకు వచ్చిన పని. మూడూ శ్రీకాకుళంలో చాలాకాలం స్టూడియో నడిపిన ఒక మాస్టారు ఫిల్ము రోజుల్లో తీసినవి. నెగిటివ్‌లు ఆయన దగ్గర బటర్ పేపర్ కవర్లలో, తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి.

మొదటి ఫొటోలో రాట్నం ముందు కూర్చుని నూలు తీస్తున్న అవ్వ. 35 ఎంఎం ఫిల్ము. హాలు వరండాలో కంటి ఎత్తున 24×36 అంగుళాల ప్రింటు కావాలి. రెండోది విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఇదీ 35 ఎంఎమ్మే, కానీ అడిగిన సైజు 40×60 అంగుళాలు, వేదిక వెనక గోడకి. మూడోది ఖాదీ పనివాళ్ళ గ్రూపు ఫొటో, వెడల్పాటి 120 ఫిల్ము మీద 6×6 సెంటీమీటర్ల నెగిటివ్, ప్రింటు 30×30 అంగుళాలు.

మాస్టారు మొదటే ఒక మాట అన్నారు. “అన్నీ పెద్ద మిషన్‌లోనే తీసేయ్ బాబూ. డబ్బా మీద ఆరువేల నాలుగొందలని ఉంది గదా, అదే పెట్టు.” ఆయన మాట తీసేయడానికి లేదు. డార్క్ రూములో ఎప్పుడూ ఉన్నవాటిలో మంచి లెన్సే ఎన్‌లార్జర్‌కి (నెగిటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం) బిగించిన మనిషి, స్కానర్ దగ్గర మాత్రం తక్కువ ఎందుకు పెట్టమంటారు? అయితే స్కానర్ డబ్బా మీది అంకె లెన్సు నాణ్యత చెప్పే అంకె కాదు. సెన్సారు అంగుళానికి ఎన్ని చోట్ల ఆగి చూస్తుందో మాత్రమే చెబుతుంది. అక్కడ ఏం కనిపించిందన్నది లెన్సు మీద, ఫోకస్ మీద, నెగిటివ్ చదునుగా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది.

అందుకని రెండు వైపుల నుంచి లెక్క వేశాను. గోడ ఎంత అడుగుతోంది? ఫిల్ములో ఎంత ఉంది? ఈ రెంటిలో ఏది తక్కువైతే స్కాన్ అక్కడిదాకా వెళ్తే చాలు, అది దాటిన ప్రతి పిక్సెలూ ఫైలు బరువే.

గోడ వైపు లెక్క

మంచి చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా విడదీసి చూడగలదు. మీటరు దూరంలో అది 0.29 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి దాదాపు 87 చుక్కలు. ఎంత దూరం నుంచి చూస్తారో మీటర్లలో తీసుకుని, 87ని దానితో భాగిస్తే ఆ ప్రింటుకు కావలసిన డీపీఐ (అంగుళానికి చుక్కలు) వస్తుంది. అందరూ చెప్పే 300 డీపీఐ సుమారు అడుగు దూరంలో చేతిలో పట్టుకుని చూసే ఫొటోకి సరిపోయే అంకె. దాన్ని ప్రతి గోడకీ పెట్టుకుంటే ఏ 35 ఎంఎం నెగిటివూ పెద్ద ప్రింటుకు పనికిరానట్టే తేలుతుంది. అది నిజం కాదు.

హాలుకి వెళ్ళి టేపు పట్టి కొలిచాను. వరండా ఇరుకు. అవ్వ ఫొటో ముందు మనిషి రెండడుగుల్లోకి వస్తాడు. 60 సెంటీమీటర్లకు కావలసింది 145 డీపీఐ. వేదిక గోడకు దగ్గరి కుర్చీ పదడుగుల పైమాటే, అక్కడికి 29 చాలు. గ్రూపు ఫొటో హాలు పక్క గోడకి వస్తుంది. మామూలుగా అయితే ఆరడుగుల దూరం అనుకోవచ్చు. కానీ మన ఊళ్ళలో గ్రూపు ఫొటోని ఆరడుగుల దూరం నుంచి ఎవరూ చూడరు. “మా అమ్మ ఏది, మా పెదనాన్న ఏడి” అంటూ ముక్కు ఆనేంత దగ్గరికి వస్తారు, వేలు పెట్టి చూపిస్తారు. అందుకే దానికి అడుగు దూరం లెక్కే వేశాను: 290 డీపీఐ. అన్నిటికన్నా పెద్ద ప్రింటు అన్నిటికన్నా తక్కువ అడిగితే, మధ్య సైజుది అన్నిటికన్నా ఎక్కువ అడిగింది.

స్కానర్లు నిజంగా ఎంత ఇస్తాయి

నా గదిలో 35, 120 రెండూ పట్టే ఫ్లాట్‌బెడ్ (గాజు పలక మీద పెట్టి తీసే స్కానర్) ఒకటి ఉంది. డబ్బా మీద 6400. 35 ఎంఎంకి మాత్రమే పనికొచ్చే నికాన్ కూల్‌స్కాన్ ఫిల్ము స్కానర్ ఒకటి ఉంది, దాని అంకె 4000. ఇవి కాక 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 1:1 మాక్రో లెన్సు (నెగిటివ్‌ని ఉన్న సైజులోనే సెన్సారు మీద వేసేది), కాపీ స్టాండు, కింద లైట్ ప్యానెల్.

అంకెలు నమ్మకుండా యూఎస్ఏఎఫ్ 1951 టెస్ట్ టార్గెట్ పెట్టి చూడటం అలవాటు. గాజు పలక మీద మూడేసి గీతలు, పోను పోను సన్నగా ఉంటాయి. స్కాన్‌లో ఏ గుంపులో ఏ వరుస దాకా గీతలు విడివిడిగా కనిపిస్తే అక్కడితో ఆ మిషన్ అయిపోయినట్టు. నా ఫ్లాట్‌బెడ్ 5వ గుంపు 4వ వరుస దగ్గర ఆగింది. అది మిల్లీమీటరుకు 45 గీతల జతలు, జతకి రెండు చుక్కల లెక్కన 2300 డీపీఐ. సెట్టింగు 3200 పెట్టినా, 6400 పెట్టినా అదే వరుస. 2400 పెడితే మాత్రం ఒకటి రెండు వరుసలు ముందే ఆగిపోయింది. నిజంగా 2300 రాబట్టాలంటే సెట్టింగు దానికన్నా కొంచెం పైనే ఉండాలి. అలాగని 6400కి పోతే లాభం లేదు. 6×6 నెగిటివ్‌ని 16 బిట్ గ్రేలో 3200 దగ్గర తీస్తే ఫైలు 100 ఎంబీ. 6400 దగ్గర 400 ఎంబీ. ఉన్న వివరం రెంటిలోనూ ఒకటే.

కూల్‌స్కాన్ 6వ గుంపు 2వ వరుస దాకా వెళ్ళింది, 3650 దాకా. కెమెరా 6వ గుంపు 1వ వరుస, 3250. కెమెరాకు లెక్క ప్రకారం 4200 రావాలి (36 మిల్లీమీటర్లకు 6000 పిక్సెళ్ళు), మిగతాది లెన్సూ సెన్సారూ కలిసి తినేస్తాయి.

ఫ్లాట్‌బెడ్ వాడేవాళ్ళు టార్గెట్ కొనకపోయినా ఈ ఒక్కటి చేసుకోండి. హోల్డర్ ఎత్తు మార్చి మార్చి చూడండి. గాజుకి నెగిటివ్ ఎంత ఎత్తులో ఉంటే ఫోకస్ బాగుంటుందో ఒక్కో మిషన్‌కి ఒక్కోలా ఉంటుంది. హోల్డర్ కాళ్ళ కింద ఒక్కో కాగితం ముక్క పెంచుకుంటూ పోతే చాలు, గ్రెయిన్ (ఫిల్ములోని వెండి రేణువుల చుక్కలు) ఎక్కడ పదునుగా కనిపిస్తే అదే మీ ఎత్తు.

అవ్వ చేతిలో దారం

ఫిల్ము అంచున ఓర్వో ఎన్‌పీ 20 అని ఉంది. ఫిల్ము వేగం 80 ఏఎస్ఏ, సన్న గ్రెయిన్. మాస్టారు ట్రైపాడ్ మీద, 50 ఎంఎం లెన్సుతో, కిటికీ వెలుగులో, నాలుగడుగుల దూరం నుంచి తీశారు. ఫిల్ము వైపు నుంచి ఇంతకన్నా మంచి నెగిటివ్ దొరకదు.

అవ్వ ఎడమ చేయి పైకి లేచి ఉంది, వేళ్ళ మధ్య దూది ఏకు. అక్కడి నుంచి కదురు దాకా దారం. పక్కన చాప మీద వాలుగ చేప దవడ, పొందూరులో పత్తిని దువ్వేది దానితోనే. ఈ ఫొటో ప్రాణమంతా ఆ దారంలో ఉంది. అది కనిపించకపోతే అవ్వ ఉత్తినే గాల్లోకి చేయెత్తినట్టు ఉంటుంది.

ఇక లెక్క. పొందూరు సన్నఖాదీకి తీసే 100 నంబరు నూలు మందం 0.09 మిల్లీమీటర్లు. నాలుగడుగుల దూరంలో 50 ఎంఎం లెన్సు దాన్ని 23 రెట్లు చిన్నది చేసి ఫిల్ము మీద వేస్తుంది. అంటే నెగిటివ్ మీద దారం మందం 4 మైక్రాన్లు. 4000 డీపీఐ దగ్గర ఒక పిక్సెల్ వెడల్పు 6.35 మైక్రాన్లు. నిజంగా 2300 ఇచ్చే ఫ్లాట్‌బెడ్‌లో 11 మైక్రాన్లు. రెంటిలోనూ దారం పిక్సెల్ కన్నా సన్నమే. అయినా కనిపించే అవకాశం ఉంది, ఎందుకంటే కిటికీ వెలుగు పడి దారం మెరుస్తోంది, వెనక గోడ నల్లగా ఉంది. పిక్సెల్‌లో సగానికి పైగా దారం ఉంటే ఆ పిక్సెల్ తెల్లబడుతుంది. మూడో వంతే ఉంటే, దానికి స్కానర్ లెన్సు మసక కూడా తోడైతే, ఆ తెలుపు గ్రెయిన్‌లో కలిసిపోతుంది.

జరిగింది సరిగ్గా అదే. ఫ్లాట్‌బెడ్ స్కాన్‌లో దారం కదురు దగ్గర మొదలై, మధ్యలో మాయమై, ఏకు దగ్గర మళ్ళీ తేలింది. షార్పెనింగ్ పెంచితే దారం రాలేదు, గోడ మీది గ్రెయిన్ లేచింది. కూల్‌స్కాన్‌లో అదే దారం కదురు నుంచి వేళ్ళ దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. రెండు స్కాన్లనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. “నా ఎన్‌లార్జర్‌లో 12×15 దాటితే ఈ దారం నిలబడేది కాదు బాబూ” అన్నారు.

సైజు లెక్క కూడా కుదిరింది. 24×36 అంగుళాలంటే నెగిటివ్‌కి 25 రెట్లు. 3650ని 25.4తో భాగిస్తే 144 డీపీఐ. వరండా అడిగింది 145. ఫ్లాట్‌బెడ్ అయితే 90 దగ్గరే ఆగిపోయేది.

కూల్‌స్కాన్ వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. డిజిటల్ ఐస్ ఆఫ్ చేయాలి. అది ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్మును పసిగడుతుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ వెండి రేణువులతో ఉంటుంది, ఆ వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా ఆపేస్తుంది, దాంతో మిషన్ బొమ్మనే దుమ్మనుకుని చెరుపుతుంది. రెండోది, చుట్టుకుపోయిన ఫిల్ముని మోటారు ఫీడర్‌లోకి తోయకూడదు. ఎఫ్‌హెచ్ 3 హోల్డర్‌లో బిగించి పెడితే అంచులు కూడా ఫోకస్‌లో ఉంటాయి. మచ్చలన్నీ చేత్తోనే తీయాలి. స్కాన్ ఎంత పదునైతే అంత దుమ్ము బయటపడుతుంది, టచింగ్‌కి పట్టే సమయం రేటులో ముందే కలుపుకోవాలి.

సిరిమాను

విజయదశమి వెళ్ళిన మంగళవారం. చింతమాను కొసన పూజారి, కింద జనసముద్రం. గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మాస్టారు మూడులాంతర్ల దగ్గర ఒక అరుగెక్కి, వెలుతురు వాలిపోయాక, చేత్తో పట్టుకుని, 30వ వంతు సెకనులో తీసిన ఫ్రేము ఇది. ఫిల్ము ఎన్‌పీ 27, 400 ఏఎస్ఏ.

దీన్ని కూడా ముందు కూల్‌స్కాన్‌లోనే పెట్టాను. పూజారి పంచె అంచు దగ్గర పెద్దది చేసి చూస్తే, మాను కదలికా చేతి వణుకూ కలిసి అంచు 0.04 మిల్లీమీటర్ల మేర పరుచుకుని ఉంది. 2300 డీపీఐ దగ్గర అది మూడున్నర పిక్సెళ్ళు, 4000 దగ్గర ఆరు పైన. ఒకే మసకను మూడున్నరగా చూసినా ఆరుగా చూసినా లోపల కొత్తగా ఏమీ ఉండదు. పైగా ఈ నెగిటివ్ ఎన్నోసార్లు ప్రింట్లకు వాడి గీతలు పడిపోయింది. కూల్‌స్కాన్ ఎల్ఈడీ వెలుగు తిన్నగా పడి ప్రతి గీతనూ తెల్లటి తీగలా చూపించింది, గ్రెయిన్ కరుగ్గా లేచింది. ఫ్లాట్‌బెడ్ వెలుగు మెత్తన. అదే ఫ్రేము 3200 సెట్టింగులో తీస్తే చిన్న గీతలు చాలావరకు అణిగిపోయాయి, వివరం రవ్వంత కూడా తగ్గలేదు.

40×60 అంగుళాలంటే 42 రెట్లు. 2300కి 54 డీపీఐ మిగులుతుంది. పదడుగుల దూరానికి 29 చాలని పైనే చూశాం. ప్రింటర్‌కి పంపేముందు ఫైలుని 150 డీపీఐకి పెంచి, పైన సన్నటి గ్రెయిన్ పొర ఒకటి కలిపాను. అది కలపకపోతే వేదిక ఎక్కి దగ్గరగా చూసినవాళ్ళకు ఫ్లెక్స్ బ్యానర్ చూసినట్టే ఉంటుంది.

ఈ ఫ్రేముకి ఫ్లాట్‌బెడ్ వాడానంటే మాస్టారికి మొదట మనసొప్పలేదు. అన్నిటికన్నా పెద్ద ప్రింటుకి తక్కువ మిషనా అన్నారు. రెండు స్కాన్ల నుంచీ పంచె అంచున్న ముక్కని అసలు సైజులో 8×10 కాగితం మీద కొట్టించి, హాలు వేదిక గోడకి అంటించి, మొదటి వరుస కుర్చీలో కూర్చోమన్నాను. ఆయనే లేచి ఫ్లాట్‌బెడ్ ముక్క దగ్గరకెళ్ళి “ఇదే ఉంచు” అన్నారు. పెద్ద ప్రింటుకు డబ్బు పోసే ముందు ఈ ముక్క పరీక్ష మానకండి. స్క్రీన్ మీద 100 శాతానికి పెంచి చూసి భయపడేవాళ్ళు, సంబరపడేవాళ్ళు ఇద్దరూ గోడ దగ్గర మాట మారుస్తారు.

గ్రూపు ఫొటో

కష్టమైన పని ఇదే. మూడు వరుసల్లో 60 మందికి దగ్గరగా ఉన్నారు. వరుసకి 20 మంది అనుకుంటే, 56 మిల్లీమీటర్ల నెగిటివ్‌లో (6×6 అని పేరే గానీ బొమ్మ ఉండేది అంతే) మనిషికి 2.8 మిల్లీమీటర్లు, ముఖానికి 0.85 కూడా రాదు. ఫ్లాట్‌బెడ్‌లో ముఖం అడ్డంగా నిజంగా దక్కేది 75 పిక్సెళ్ళ వివరం. కనుబొమ్మ, ముక్కు, నోరు తెలుస్తాయి, కానీ ఇద్దరు అక్కచెల్లెళ్ళని విడదీసి చెప్పడం కష్టం. 30 అంగుళాలంటే 13.6 రెట్లు. 2300కి 169 డీపీఐ వస్తుంది, గోడ అడిగేది 290.

కూల్‌స్కాన్‌లో 120 పట్టదు. కాబట్టి కెమెరా. 1:1 దగ్గర ఒక షాటు 36×24 మిల్లీమీటర్లు చూస్తుంది. అడ్డంగా రెండు, నిలువుగా మూడు, మొత్తం ఆరు షాట్లు తీసి కలిపితే నెగిటివంతా వస్తుంది, అతుకుల దగ్గర కావలసినంత ఓవర్‌ల్యాప్ కూడా ఉంటుంది. కలిపాక పక్కకి 9300 పిక్సెళ్ళు.

కెమెరా నెగిటివ్‌కి నిక్కచ్చిగా సమాంతరంగా లేకపోతే ఆరు ముక్కల్లో ఒక అంచు ఎప్పుడూ మసకగానే వస్తుంది. నెగిటివ్ ఉండాల్సిన చోట చిన్న అద్దం ముక్క పెట్టి, లెన్సు ప్రతిబింబం వ్యూఫైండర్ నట్టనడుమకి వచ్చేదాకా స్టాండు సర్దితే ఆ బెడద పోతుంది. అపెర్చర్ ఎఫ్ 5.6. 1:1 దగ్గర అది పనిలో ఎఫ్ 11తో సమానం, ఇంకా మూస్తే సన్న రంధ్రంలో వెలుగు చెదిరి (డిఫ్రాక్షన్) పదును పోతుంది. నా గది శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో. పగలు బస్సు వెళ్తే చాలు స్టాండు అదురుతుంది, అందుకని ఈ పని రాత్రి బస్సులు సద్దుమణిగాకే పెట్టుకుంటాను.

ఫలితం అంతటా ఒకేలా రాలేదు. మధ్యలో కూర్చున్నవాళ్ళ ముఖాలు బాగా మెరుగుపడ్డాయి, ముఖానికి 105 పిక్సెళ్ళ పైన నిజమైన వివరం. రెండో వరుసలో ఒకామె ముక్కుపుడక ఫ్లాట్‌బెడ్‌లో తెల్లమచ్చ. కెమెరా స్కాన్‌లో అది పుడకలాగే ఉంది, కింద దాని నీడ కూడా ఉంది. వరుసల చివరల్లో నిలబడ్డవాళ్ళ దగ్గర మాత్రం రెండు స్కాన్లకీ తేడా లేదు. ఫొటో తీసిన కెమెరా లెన్సే అంచుల దగ్గర మెత్తగా ఉంది, అక్కడ ఏ స్కానర్ అయినా ఉన్నదే తెస్తుంది. ప్రింటులో మధ్య ముఖాలకి 240 డీపీఐ దాకా దక్కింది. గోడ అడిగిన 290 కన్నా తక్కువే. అడుగు దూరం నుంచి అడుగున్నర దూరానికి జరిగితే లోటు తెలియదు.

చివర్లో ఉన్న ముఖాల్ని ఏఐతో బాగుచేయమని ఒకరిద్దరు అడిగారు. చేయనన్నాను. అది ఫిల్ములో ఉన్న ముఖాన్ని బయటికి తీయదు, ఎక్కడో చూసిన వేల ముఖాల నుంచి కొత్త ముఖం ఒకటి గీసి పెడుతుంది. మనవరాలు వచ్చి “మా నాయనమ్మ ఇదే” అని వేలు పెట్టే చోట వేరే ఎవరి ముఖమో ఉంచడానికి నాకు చేతులు రావు. మసకగా ఉన్నా అది ఆ మనిషే.

నెగిటివ్‌ల సంగతి

మన తీరంలో ఉక్కపోతకి నెగిటివ్‌లకి బూజు పట్టడం మామూలే. గ్రూపు ఫొటో అంచున కొంత ఉంది. బూజు పట్టిన చోట ఎమల్షన్ నీళ్ళకి కరిగిపోయే స్థితికి వస్తుంది, అందుకని నీళ్ళతో కడగకూడదు. బ్లోయరుతో దుమ్ము ఊదేసి, మిగిలింది స్కాన్‌లోనే టచింగ్ చేశాను. చుట్టుకుపోయినవాటిని శుభ్రమైన కాగితాల మధ్య బరువు పెట్టి కొన్నాళ్ళు ఉంచితే దారికొస్తాయి.

ప్రింట్లు మూడూ విశాఖపట్నంలో 44 అంగుళాల పిగ్మెంట్ ప్రింటర్ మీద, మ్యాట్ కాటన్ పేపర్ మీద కొట్టించాం. 40×60 కూడా ఆ రోల్‌లో సరిపోతుంది. వరండా ప్రింటుకి మాత్రం గాలితో వచ్చే తేమ తగలకుండా గాజు వేయించి, గాజుకీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండేలా ఫ్రేము కట్టించాం.

మాస్టారి పెట్టెలో ఇంకా చాలా రోళ్ళున్నాయి. వాటికి ఏం పెట్టాలన్న దాని మీద ఇద్దరం ఒక మాటకొచ్చాం. మొదట అన్నిటినీ ఫ్లాట్‌బెడ్‌లో 3200 దగ్గర తీస్తాం. ఎవరు ఎక్కడ ఉన్నారో చూసుకోవడానికి, 12×18 దాకా ప్రింట్లు వేసుకోవడానికి అది చాలు. 35 ఎంఎం నెగిటివ్‌కి 12×18 అంటే 12.7 రెట్లు, 180 డీపీఐ మిగులుతుంది. ఎన్‌పీ 20 మీద ట్రైపాడ్‌తో తీసిన ఫ్రేముల కవర్ల మీద ఆయనే ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడుతున్నారు. పెద్ద ప్రింటు అడిగినప్పుడు వాటిని మాత్రం కూల్‌స్కాన్‌లో మళ్ళీ తీస్తాం. 120 గ్రూపు ఫొటోలకి కెమెరా పని అడిగినవాళ్ళకే, ముందు ముక్క కొట్టి చూపించాకే.